తాడు పట్టేవాడి సంతకం

పెళ్లిళ్లలో నా పరిచయం

"ఎలర్జీకి టీకా కనిపెట్టింది మా పద్మావతే" అని మా బంధువులు పెళ్లిళ్లలో నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేస్తుంటారు. అంతే, ఆ కొత్తవాళ్లు తమ తుమ్ముల గురించి మొదలుపెడతారు. ఒకరికి వంకాయ తింటే దురద, ఒకరికి మిరప కళ్లం దగ్గరికి పోతే ఆయాసం, ఒకరికి అత్తగారు వస్తే తలనొప్పి. నేను విస్తరి ముందు కూర్చుని అన్నీ వింటాను. మూడోదానికి తప్ప మిగతావాటికి ఎప్పటికైనా మందు రావచ్చని చెప్పి పప్పు వడ్డించమంటాను.

నేనేమీ కనిపెట్టలేదు. ముప్ఫై ఏళ్లు గాజు సామాను కడిగాను. మధ్యమధ్యలో పెప్టైడ్లు చేశాను.

మా పాత లాబులో ఈ మధ్య చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మీ అనుభవాలు రాసివ్వండి మేడం" అన్నారు. సరే అన్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు రావాల్సినవి ఆలస్యంగా వచ్చాయి, మీకూ అలాగే వస్తాయి. ఫైళ్ల సంగతి కూడా రాయను, అవి మీకు వద్దన్నా తెలుస్తాయి. నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తాను. నిజానికి రెండూ ఒకటే తప్పు. రెండోసారి చేసినప్పుడు ఒక మనిషి ప్రాణం దాని మీద వేలాడింది.

కడుగుడు

పని ఏమిటో తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. తేనెటీగ కుడితే దాని విషంలోని ప్రొటీన్లు ఒంట్లోకి పోతాయి. చాలామందికి కాస్త వాచి తగ్గిపోతుంది. కొందరి ఒళ్లు మాత్రం ఆ ప్రొటీన్‌ను పగబట్టినట్టు గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ కుట్టిందంటే దద్దుర్లు, నాలుక వాపు, బీపీ పడిపోవడం. సమయానికి సూది పడకపోతే మనిషి దక్కడు.

దీనికి పాత వైద్యం ఒకటుంది. ఆ విషాన్నే చుక్క చుక్కగా నెలల తరబడి ఎక్కించి ఒంటికి అలవాటు చేస్తారు. అది పనిచేస్తుంది. కానీ ఎక్కించేది విషమే కాబట్టి, వైద్యం మధ్యలోనే మనిషి వాచిపోయే ప్రమాదం ఉంది. మా దారి వేరు. విషంలోని ప్రొటీన్‌లో ఏ ముక్కలు కావాలో చూసుకుని, ఆ ముక్కల్ని మాత్రం లాబులో మేమే తయారుచేసి ఎక్కిస్తాం. ఆ ముక్కే పెప్టైడ్. ఒంటికి కోపం తెప్పించేంత పెద్దది కాదు, పాఠం చెప్పగలిగేంత ఉంటుంది. ఉంటుందని ఆశ.

పెప్టైడ్‌ను పూసల దండలా ఒక్కో అమైనో ఆమ్లం చొప్పున గుచ్చుతూ పోవాలి. అదీ చివరి పూసతో మొదలుపెట్టి వెనక్కి. ఒక పూస ఎక్కించడం, కడగడం, తర్వాతి పూస ఎక్కడానికి చోటు తెరవడం, కడగడం, మళ్లీ పూస, మళ్లీ కడగడం. చోటు తెరిచే ద్రావణానికి మిరియాలూ కుళ్లిన చేపా కలిసిన వాసన ఉంటుంది. ఇంటికి పోతే మా ఆయన తలుపు తీసి రెండడుగులు వెనక్కి వేసేవాడు. పెళ్లయిన కొత్తలో కాస్త బాధపడ్డాను. తర్వాత బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండటం చూసి, ఇది కూడా ఒక సౌకర్యమే అనుకున్నాను.

నీలమా, పసుపా

ప్రతి పూసా సరిగ్గా ఎక్కిందో లేదో చూడటానికి ఒక రంగు పరీక్ష ఉంది. దండ అంటుకుని ఉండే సన్నటి ప్లాస్టిక్ గింజలు కొన్ని తీసి, మందు చుక్కలు వేసి వేడి చేస్తే, పూర్తిగా ఎక్కి ఉంటే పసుపుగా ఉంటుంది. ఎక్కకపోతే నీలం తిరుగుతుంది. ఆ మందు చేతికి అంటితే వేళ్లు ఊదారంగుకు మారి వారం దాకా వదలవు. నా పెళ్లి ఫోటోలన్నిటిలోనూ నా వేళ్లు అలాగే ఉన్నాయి. గోరింటాకు సరిగ్గా పండలేదని మా అత్తగారు ఇప్పటికీ అంటుంటారు.

చేరిన రెండో ఏడు, ఇరవై పూసల పెప్టైడ్‌లో పదకొండో పూస దగ్గర రంగు చూశాను. పసుపు. నోటుబుక్కులో పసుపు అని రాసి, సంచి భుజాన వేసుకుని బస్సు ఎక్కాను. రెండు నెలల తర్వాత పూర్తయిన పెప్టైడ్‌ను తూకం యంత్రంలో పెడితే ఒక పూస తక్కువ వచ్చింది. పదకొండోదే.

మా బాసు శేషగిరి గారు అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండునని అందరం కోరుకునేవాళ్లం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగారు.

"అమ్మాయ్, నువ్వు చూసింది పసుపా, చూడాలనుకున్నది పసుపా?"

రంగు చూసినప్పుడు సాయంత్రం అయిదవుతోంది, బస్సు అయిదుంబావుకు, ఆ రంగులో అంచున కాస్త నీలం ఉందేమోనని అనిపించిన మాట నిజం. అనిపించినా మళ్లీ చూడలేదు. రెండు నెలల పనిని నేనే చెత్తడబ్బాలో పారబోశాను. ఇది మొదటి తప్పు. దీనివల్ల ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నాకు బుద్ధి కూడా సగమే వచ్చింది.

దారి తెలిసిన మనిషి

తేనెటీగ విషానికి మేం చేసిన మూడు పెప్టైడ్లు మనుషుల మీద ప్రయత్నించే దశకు వచ్చేసరికి నాకు యాభై దాటాయి. ఒక భాగం హైదరాబాద్‌లో, ఒక భాగం భద్రాచలం దిక్కు అడవి అంచున ఏడు గూడేల్లో. అక్కడ కొండచరియల మీద పెద్ద ఈగల తేనె కోసేవాళ్లున్నారు. ఈగ కుట్టి చావు దాకా పోయి వచ్చినవాళ్లు పన్నెండు మంది దొరికారు.

నెలనెలా మందు పెట్టె తీసుకుని అక్కడి దవాఖానాకు ఎవరు పోవాలన్న మాట వచ్చింది. శేషగిరి గారు నా వైపు చూశారు.

"మీది కల్లూరే కదా. ఆ దారి తెలుసుగా."

కల్లూరుకూ ఆ గూడేలకూ మధ్య సత్తుపల్లి బొగ్గు లారీలున్నాయి, పామాయిల్ తోటలున్నాయి, ఆ తర్వాత సగం పూట అడవి ఉంది. హైదరాబాద్‌లో మ్యాపు ముందు కూర్చున్నవాళ్లకు అదంతా వేలెడు. ఇంకో సంగతి కూడా ఉంది. మందు తయారుచేసిన మనిషి సూది వేసేచోట ఉండకూడదన్నది మా రూలు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పోయేవాళ్లు వేరే దొరకలేదు. నేను పోయాను.

జోగయ్య, సమ్మక్క, భీమయ్య

జోగయ్య ఆ ఏడు గూడేల్లో ఒకదానిలో తేనె కోయడంలో మొనగాడు. నలభై ఏళ్లుంటాయి, బక్క మనిషి, ఏ మాట చెప్పినా ముందు నవ్వుతాడు. అంతకుముందు ఏడాది గుట్ట కింద రెండే ఈగలు కుట్టాయి. నాలుక నోట్లో పట్టనంత వాచి పడిపోయాడు. అటు పోతున్న పెళ్లివాళ్ల ట్రాక్టర్ మీద దవాఖానాకు చేర్చారు. అప్పటినుంచి కొండ ఎక్కలేదు.

"కోసేటోన్ని కొయ్యకుంట కూసుంటే నన్నేమంటరు మేడం? జోగయ్య అంటరా, జోగయ్య పీనుగ అంటరా?" అని అడిగి నవ్వాడు. అతని భార్య సమ్మక్క నవ్వలేదు.

మేం ఒప్పంద పత్రం నాలుగు పేజీలూ నిదానంగా చదివి చెప్పాం. సగం మందికి మందు పడుతుంది, సగం మందికి మందు లేని సీసా పడుతుంది. ఎవరికి ఏది పడిందో చివరిదాకా డాక్టరుకు కూడా తెలియదు. అలా అయితేనే మందు పని చేసిందా, మనిషి నమ్మకం పని చేసిందా అన్నది తేలుతుంది. సూదులు పూర్తయ్యాక పెద్దాసుపత్రిలో డాక్టర్ల ముందు ఒక ఈగతో కుట్టించి చూస్తాం. అంతవరకూ ఎవరూ కొండ ఎక్కకూడదు. జోగయ్య అన్నిటికీ తల ఊపి సంతకం పెట్టాడు. సాక్షిగా సమ్మక్క వేలిముద్ర వేసింది.

పక్కన అడవి తీగతో తాడు పేనుతున్న మనిషి తల ఎత్తాడు. సమ్మక్క తమ్ముడు భీమయ్య.

"నన్నడగరా?"

"నీకు ఎలర్జీ లేదు కదయ్యా" అన్నాను.

"నాకు లేదు. నా చేతిల తాడుంది."

నాకు అర్థం కాలేదు. సమ్మక్క చెప్పింది. ఆ గూడేల్లో తేనె కోసేవాడు చరియ మీదినుంచి తాడుకు వేలాడుతూ దిగుతాడు. పైన తాడు పట్టేది అతని బామ్మర్ది. ఇంకెవరూ పట్టకూడదు, అన్నదమ్ములు కూడా.

"వేరేటోళ్లకు చెయ్యి జారొచ్చు, మనసు జారొచ్చు. బామ్మర్దికి అక్క మొఖం యాదికుంటది" అంది.

భీమయ్య తాడు పక్కన పెట్టాడు.

"మందా నీళ్లా మీకు తెల్వదు. సూదేసే సిస్టరుకు తెల్వదు. ఏసుకునే మా బావకు తెల్వదు. సూదులైనంక ఈయన ఆగుతడా? ఎక్కుతడు. అందరు తెల్వనోళ్లే ఉంటే నేను దేన్ని చూసి తాడు పట్టాలె?"

"మూడో పేజీలో ఎక్కకూడదని రాశాం" అన్నాను.

భీమయ్య మూడో పేజీ వైపు చూడలేదు. తల ఊపుతున్న బావ వైపు చూశాడు. ఆ తల ఎంతవరకు నమ్మొచ్చో అతనికి ఎప్పటినుంచో తెలుసు. మా కాగితంలో భీమయ్య కోసం గీత లేదు. అతని మాట రాసుకోవడానికి చోటు లేదు కాబట్టి రాసుకోలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాం. ఇలాంటి పని మన బోటివాళ్లం తప్ప ఇంకెవరూ చేయరు. మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే, ఫారంలో గడి లేదని వదిలేస్తాం.

సీసా అంచు

మందు సీసాలో అడుగున తెల్లటి ఎండు బిళ్ల ఉంటుంది. నీళ్లు కలిపి సూది వేస్తారు. మందున్న సీసా, మందు లేని సీసా ఒకేలా ఉండాలని రెండిట్లోనూ ఒకే తెల్లపొడి వేస్తాం. సీసా మీద నంబరు తప్ప ఏమీ ఉండదు. కానీ ఏళ్ల తరబడి ఆ బిళ్లల్ని ఎండబెట్టినదాన్ని నేనే. మందున్న బిళ్ల అంచు గాజుకు అంటకుండా వెంట్రుకవాసి ముడుచుకుని ఉంటుందని నాకొక నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే విద్య కాదు.

మొదటి నెల జోగయ్య సీసాను సిస్టర్ పైకి ఎత్తి వెలుగులో పట్టుకుంది. నేను చూడకూడదు. చూశాను. బిళ్ల అంచు గాజుకు చక్కగా అంటుకుని ఉంది.

నీళ్లు.

మూడో నెల ఇంకోసారి చూశాను. అదే. జోగయ్య చెయ్యి చాపి, సూది పడుతుంటే నవ్వుతూ, "ఇగ ఈగలు నన్ను జూసి పారిపోవాలె" అన్నాడు. నేను పెట్టె మూత బిగించడానికి చాలాసేపు తీసుకున్నాను. ఒంట్లోకి నీళ్లు ఎక్కించుకుని ధైర్యం తెచ్చుకుంటున్న మనిషి అక్కడున్నాడు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను. నోరు విప్పితే అన్నేళ్ల పరీక్ష పాడవుతుంది. విప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడం మానేశాను. సూదులు పడిన ఆ నాలుగు నెలలు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కల్లూరులో మా అమ్మ, "బీపీ చూపించుకో" అని పోరు పెట్టేది.

తేనె రోజులు

ఇప్పపూలు రాలేసరికి సూదులు అయిపోయాయి. ఆసుపత్రిలో కుట్టించే పరీక్ష మాత్రం వానలు పడ్డాక పెట్టారు. మంచాలు అప్పుడే ఖాళీ అవుతాయట. తేనె కోత ఎండల్లోనే ఉంటుందని ఆ తేదీ వేసినవాళ్లకు తెలియదు. తేదీ చూసి సరే అన్న నాకు తెలుసు. చెప్పాలని తోచలేదు.

ఆఖరి సూదుల రోజు దవాఖానాకు పోయేసరికి బెంచీ మీద భీమయ్య ఉన్నాడు. గూడెం నుంచి నడిచి వచ్చాడు. మనుషులందరూ పోయేదాకా కూర్చుని, అప్పుడు లేచాడు.

"బావ తాడు నానబెట్టిండు మేడం. ఎక్కుతడట. సూదులేసుకున్న, నాకేం గాదంటుండు. ఆ మందు చేసింది నువ్వేనంట గద?"

"అవును."

"మరి నీకు తెలుస్తది. మా బావకేసింది మందా, నీళ్లా?"

"చెప్పకూడదయ్యా. రూలు."

"రూలు నాకెందుకు. నేను తాడు వదల. చెయ్యి తెగినా వదల, ఊరందరికి ఎరికే. కానీ నడుమ చరియల ఈగ కుట్టి బావ వాచి సచ్చిపోతే నేను పట్టుకున్నదేంది? మా అక్కకు ఏం జూపియ్యాలె, తాడా?"

ఈగ కుడితే వేయాల్సిన అత్యవసర సూది ఒకటి మేం అందరిళ్లలో ఇచ్చాం, వేయడం నేర్పాం. అది ఇంటి ముందు కుడితే పనికొస్తుంది. చరియ మధ్యలో వేలాడుతున్న మనిషికి ఎవరు వేస్తారు?

నేను చెప్పాను. "తాడు పట్టకు."

భీమయ్య "అవ్" అన్నాడు. ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.

అతను గేటు దాటాక గానీ నేను చేసిందేమిటో నాకు తెలిసిరాలేదు. నేను నీళ్లు అనలేదు. కానీ ఒక్క భీమయ్యకే తాడు పట్టకు అని చెబితే నీళ్లు అన్నట్టే కదా. దీన్ని కప్పిపుచ్చాలంటే అందరికీ అదే మాట చెప్పాలి. ఆటో కిరాయికి మాట్లాడుకుని రెండు రోజులు ఏడు గూడేలూ తిరిగాను. మిగతా పదకొండు మంది బామ్మర్దులను వెతికి పట్టుకుని, ఈ ఏడు తాడు పట్టొద్దని చెప్పాను. అసలు ఇది మొదటి రోజే చేయాల్సిన పని. మూడో పేజీలో కోసేవాళ్లకు రాసుకున్నాం గానీ, పట్టేవాడు పట్టకపోతే కోసేవాడు దిగలేడన్న చిన్న సంగతి మాలో ఒక్క డాక్టరేటుకూ తట్టలేదు.

అయిదో గూడెంలో ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని అడ్డం వచ్చింది. "ఈ ఏడు తేనె నువ్ పోస్తవా? సూదులమ్మా, మా ఇంటి తేనె నువ్ దెస్తవా?" అంది. ఆటోవాడు నా తరఫున ఏదో సర్దిచెప్పబోతే వాడి మీదకూ చీపురు లేచింది.

భీమయ్య భుజానికి గుడ్డ కట్టుకుని, కీలు బెణికిందని చెప్పి ఎండలన్నాళ్లూ తిరిగాడు. జోగయ్య కాళ్లావేళ్లా పడ్డాడు, తిట్టాడు, ఆ తర్వాత బామ్మర్దితో మాట్లాడటం మానేశాడు. ఇంకొకరు తాడు పట్టడానికి ముందుకు రాలేదు. ఆ గూడెంలో రారు.

శేషగిరి గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"సీసా చూశావా?"

"చూశాను సార్."

"ఏం కనబడిందో నాకు చెప్పకు." కళ్లజోడు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "నిన్ను పంపింది నేను. తప్పులో సగం నా పేరు మీద రాసుకుంటాను" అన్నారు. రాశారు కూడా. బాసుల గురించి మీరు చాలా వింటారు. ఇలాంటివాళ్లు కూడా ఉంటారని ఒకమాట గుర్తుపెట్టుకోండి.

ఒక్క ఈగ

వానలు పడ్డాక జోగయ్యను పెద్దాసుపత్రికి తీసుకొచ్చాం. మంచం పక్కన ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు నర్సులు, నింపి పెట్టిన సూదులు, ఆక్సిజన్. ఒక డాక్టరు చిన్న పట్టకారుతో, పెట్టెల్లో పెంచే మామూలు ఈగను పట్టుకుని జోగయ్య మోచేతి మీద పెట్టాడు. అడవిలోని పెద్ద ఈగ ముందు అది పసిబిడ్డ.

"గింత ఈగకు గింతమంది డాక్టర్లా?" అని జోగయ్య నవ్వాడు.

కాసేపటికి నవ్వు ఆగింది. మెడ మీద దద్దుర్లు లేచాయి. పెదవి వాచింది. "గొంతుల..." అని ఏదో అనబోయాడు, మాట రాలేదు. బీపీ పడిపోతోందని నర్సు అరిచింది. సూది పడింది, ఆక్సిజన్ పెట్టారు, ఇంకో సూది పడింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మధ్యాహ్నానికి లేచి కూర్చుని టీ అడిగాడు.

చూడండి, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. ఆ సాయంత్రం భయం తగ్గాక నాకు కాస్త గర్వం కలిగింది. నీళ్లని ముందే కనిపెట్టాను. నా కన్నే వీణ్ణి బతికించిందనుకున్నాను.

నెల తర్వాత నంబర్ల కవరు తెరిచారు. శేషగిరి గారు పేర్లు చదువుతున్నారు. జోగయ్య దగ్గరికి వచ్చారు.

"మందు."

"సార్, ఇంకోసారి చూడండి" అన్నాను.

ఆయన ఇంకోసారి చూశారు. మందే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూశారు. పాతికేళ్ల కిందటి ప్రశ్న ఈసారి అడగలేదు. అడిగి ఉంటే తట్టుకునేదాన్ని.

తర్వాత తవ్వి చూస్తే రెండు సంగతులు తేలాయి. బిళ్ల అంచు ముడుచుకోవడానికీ మందుకూ సంబంధం లేదు. ఎండబెట్టే యంత్రంలో పళ్లెం అంచున ఉన్న సీసాలు ముడుచుకుంటాయి, మధ్యలో ఉన్నవి ముడుచుకోవు. అంతే. ఏళ్ల తరబడి నేను మోసుకు తిరిగిన విద్య ఇది.

రెండోది అసలు దెబ్బ. పెప్టైడ్ ముక్క ఒంట్లోకి పోయాక మన కణాలు దాన్ని పట్టుకుని పైకెత్తి చూపిస్తేనే పాఠం మొదలవుతుంది. ఆ పట్టు మనిషికీ మనిషికీ వేరు. మేం మూడు ముక్కల్ని ఎంచుకున్నది నగరంలో ఇచ్చిన రక్తంతో పరీక్షించి. హైదరాబాద్ భాగంలో మందు చాలామందికి పనిచేసింది. గూడేల్లో కొద్దిమందికే పనిచేసింది. జోగయ్య కణాలకు ఆ మూడింటిలో ఒక్కటి కూడా సరిగ్గా పట్టు చిక్కలేదు. ఎవరి కోసం మందు చేస్తున్నామో వాళ్ల రక్తం ఒక్క చుక్క చూడకుండా మందు చేశాం. ఆ గదిలో అంత చదువుకున్నవాళ్లం ఉండి.

చివరి పేజీ

ఆ తర్వాత గూడేల్లో రక్తం తీసుకుని, కొత్త ముక్కలు ఎంచి, రెండో విడతకు సిద్ధమయ్యాం. ఒప్పంద పత్రంలో ఒక గీత కొత్తగా చేర్చాను. తాడు పట్టేవారి సంతకం. హైదరాబాద్ కమిటీలో ఒకాయన ఇదేం తాడని అడిగాడు. చెప్పడానికి గంట పట్టింది.

ఆ కాగితం పట్టుకుని గూడేనికి పోయాను. జోగయ్య, భీమయ్య మళ్లీ మాట్లాడుకుంటున్నారు. సమ్మక్క చేటతో వడ్లు చెరుగుతోంది. ఎవరికి ఏది పడిందో చెప్పాల్సిన బాధ్యత మాది, చెప్పాను. జోగయ్యకు పడింది మందే, అతనికి పని చేయలేదు.

భీమయ్య కాసేపు లెక్క కట్టుకున్నాడు.

"మరి ఆ దినం పట్టకని చెప్పినవ్ గద."

"నీళ్లనుకున్నాను. తప్పుగా చూశాను."

"మందనుకుంటే ఏం చెప్పెడిదానివి?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు.

"పట్టమని చెప్పేదాన్ని" అన్నాను.

సమ్మక్క చేతిలో చేట ఆగిపోయింది. జోగయ్య మొఖాన నవ్వు లేకపోవడం ఆసుపత్రిలో తప్ప నేను అక్కడే చూశాను. వాళ్లు ముగ్గురూ కోయభాషలో రెండు మూడు మాటలు అనుకున్నారు. నాకు అర్థం కాలేదు, అడిగే ధైర్యం లేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. సమ్మక్క లేచి లోపలికి పోయి, అన్నం పెట్టిన పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. "తిను" అంది, నా మొఖం చూడకుండా.

తింటుంటే భీమయ్య కాగితం తీసుకున్నాడు. గీత మీద వేలు పెట్టి చూశాడు.

"గీత పెట్టిన్రు. మంచిగైంది. సంతకం ఇప్పుడు పెట్ట."

"మరి?"

"సూదులెయ్యున్రి. ఆసుపత్రిల ఈగతోటి కుట్టియ్యున్రి. బావ లేసి నిలబడి నవ్వాలె. అప్పుడు పెడ్త."

నేను ఆ గీతను మొదటి పేజీ నుంచి తీసి చివరి పేజీకి మార్పించాను. ముప్ఫై ఏళ్లలో ఆ కాగితాల మీద నేను చేసిన పనికొచ్చే మార్పు అదొక్కటే.

రెండో విడత మధ్యలో నేను రిటైరయ్యాను. వేరే గూడేల్లో రెండు మూడు చోట్ల ఆ గీత మీద సంతకాలు పడ్డాయని విన్నాను. జోగయ్యకు ఇంకోసారి కుట్టించారు. మెడ మీద నాలుగు దద్దుర్లు లేచి తగ్గాయట. డాక్టర్లు చాలా మేలు అన్నారు. భీమయ్య ఆ నాలుగు దద్దుర్లనూ లెక్కపెట్టి, ఇంకోసారి అన్నాడట. జోగయ్య ఇప్పుడు ఇంటి దగ్గర కూర్చుని, ఇంకొకరు కోసుకొచ్చిన తేనె వడగడుతూ వాళ్ల కోతకు వంకలు పెడుతుంటాడు. రోజూ బామ్మర్దిని తిడతాడు. తిట్టడానికి మనిషి ఉన్నాడు.

పిల్లలూ, జోగయ్య ఫైలు మీ బీరువాలో రెండో అరలో ఉంటుంది. తీసి చూడండి. డాక్టరు సంతకం ఉంది, కమిటీ సంతకం ఉంది, ముద్రలున్నాయి, నా సంతకం కూడా ఉంది. చివరి పేజీలో ఒక గీత మాత్రం ఖాళీగా ఉంటుంది. మిగతావన్నీ ఎలాగైనా దొరుకుతాయి. మీరు ఉద్యోగంలో చేరింది ఆ ఒక్క సంతకం కోసం.